జంతువుల చదువు: జువాలజీనా, వెటర్నరీనా, ఫిషరీసా, ఆంత్రోపాలజీనా? విశాఖ విద్యార్థులకు ఒక పోలిక

ఇంటర్ బైపీసీ అయ్యాక "నాకు జంతువుల గురించి చదవాలనుంది" అంటే చాలా ఇళ్లలో ఒకటే లెక్క వినిపిస్తుంది. ఎంబీబీఎస్ రాకపోతే వెటర్నరీ, అదీ రాకపోతే ఫిషరీస్, ఏదీ రాకపోతే బీఎస్సీ జువాలజీ. ర్యాంకును బట్టి మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది వ్యవహారం. కానీ ఇవి ఒకే మెట్ల మీద ఉన్న చదువులు కావు. అడిగే ప్రశ్న వేరు, రోజూ చేసే పని వేరు, రుజువుగా చూపించేది వేరు. పైగా జంతువుల మీద గట్టి పరిశోధన జరిగే ఆంత్రోపాలజీ (మనుషుల జీవన విధానాన్ని చదివే శాస్త్రం), చరిత్ర, న్యాయశాస్త్రం ఈ లెక్కలోకే రావు. "జంతువుల చదువు సైన్సు వాళ్లది, మనది కాదు" అని ఆర్ట్స్ గ్రూపు పిల్లలు పక్కకు తప్పుకునేది అందుకే.

మా సలహా మొదట్లోనే చెప్పేస్తాం. ఏ జంతువంటే ఇష్టమో చూసి కోర్సు ఎంచుకోకండి. ఏ పని రోజూ చేసినా విసుగు రాదో చూసి ఎంచుకోండి. కుక్కలంటే ప్రాణం పెట్టే మనిషికి కుక్క కడుపు కోసే పని పడకపోవచ్చు. చేపలంటే పెద్దగా ఇష్టం లేని మనిషికి చేపల పేర్లు సేకరించే పని బాగా నచ్చవచ్చు.

ఒకే తాబేలు, ఎవరి పని వాళ్లది

ఏటా చలికాలం చివర, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఈ ఒక్క జంతువును పట్టుకుంటే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి.

జువాలజిస్టు చూసేది గూడు. ఒక్కో గూట్లో వంద, అటూ ఇటూగా గుడ్లు. పొదగడానికి 45 నుంచి 60 రోజులు. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి పెరిగితే ఆడ పిల్లలు ఎక్కువ. కాబట్టి ఆయన చేతిలో ఉండేది థర్మామీటరు, టేపు, నోటు పుస్తకం. గుడ్లను సంరక్షణ కేంద్రానికి మార్చాల్సి వస్తే పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి, ఏ గుడ్డు ఎలా ఉందో అలాగే ఎత్తాలి. ఎందుకంటే ఆ తర్వాత పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డును తిప్పితే పిండం చనిపోతుంది. ఇది అటవీశాఖ అనుమతితో మాత్రమే చేసే పని. జాలిపడి ఎవరో ఒకరు బకెట్‌లో వేసుకుని మోసుకెళ్తే గుడ్లూ పోతాయి, చట్టం ప్రకారం నేరమూ అవుతుంది.

వెటర్నరీ డాక్టరు దగ్గరికి తాబేలు ఎక్కువగా చచ్చిపోయే వస్తుంది. వలలో చిక్కి ఊపిరాడక చనిపోయిందా, పడవ ప్రొపెల్లర్ తగిలిందా, జబ్బా? తాబేలుకు మొప్పలుండవు, ఊపిరితిత్తులతో గాలి పీల్చాల్సిందే. అందుకే వల కింద ఎక్కువసేపు ఉంటే మునిగిపోతుంది. పోస్టుమార్టంలో ఇది తేల్చాలంటే కళేబరం తాజాగా ఉండాలి. రెండు రోజులు ఎండలో ఉబ్బిన దాంట్లో నమ్మకంగా చెప్పగలిగేది చాలా తక్కువ.

ఫిషరీస్ వాళ్ల ప్రశ్న వలది. ట్రాల్ వలలో ఇనుప కడ్డీల చట్రం బిగిస్తే రొయ్య కడ్డీల సందుల్లోంచి వల చివరికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి తప్పించుకునే దారిలోంచి బయటపడుతుంది. పరికరం తయారు చేయడం సగం పనే. దానివల్ల వేట ఎంత తగ్గుతుంది, ఆ నష్టం ఎవరి మీద పడుతుంది అన్నది తేల్చకపోతే బోటు యజమాని ఆ చట్రాన్ని ఒడ్డునే వదిలి వెళ్తాడు. అక్కడే ఆంత్రోపాలజిస్టు అవసరం పడుతుంది. న్యాయశాస్త్ర విద్యార్థి ఇదే తాబేలును 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చూస్తాడు. రొయ్యల ఎగుమతుల మీద అమెరికా పెట్టిన తాబేళ్ల షరతుపై భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసుకు 1998లో వచ్చిన తీర్పులోనూ చూస్తాడు.

మతం, చరిత్ర చదివేవాళ్లకు దగ్గర్లోనే శ్రీకూర్మం ఉంది. ఆలయంలో తాబేళ్లను పెంచుతారు. ఇక్కడ ఒక హెచ్చరిక. అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద బతికేవి. బీచ్‌కు వచ్చేవి వేరే జాతి. "తాబేలు మీద భక్తి" అంటూ రెంటినీ కలిపేసి రాసిన వ్యాసం మొదటి పేజీలోనే తేలిపోతుంది. హ్యుమానిటీస్ దారిలో వెళ్లినా జాతిని గుర్తుపట్టడం నేర్చుకోక తప్పదు.

జువాలజీ: కొలిచే ఓపిక ఉన్నవాళ్లకు

విశాఖలో జువాలజీ చదవడానికి సముద్రమే పెద్ద సౌకర్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు వాల్తేరు బీచ్ ఇసుక రేణువుల మధ్య బతికే అతి చిన్న జంతువుల మీద 1960ల ప్రాంతంలో చేసిన పరిశోధన ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. ఖరీదైన పరికరాలు కాదు, గుప్పెడు ఇసుక, జల్లెడ, మైక్రోస్కోపు, ఓపిక. జువాలజీ స్వభావమే అది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫలితాల శాతం కాదు, ల్యాబ్ చూడండి. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీలో డిసెక్షన్లు ఆపేయమంది. కొన్ని కాలేజీలు దాని బదులు ఫీల్డు ప్రాక్టికల్స్, ప్రవర్తన పరిశీలన పెట్టాయి. కొన్ని చార్టులు చూపించి రికార్డు బుక్కు రాయించి వదిలేస్తున్నాయి. ఏటా ఎన్నిసార్లు ఫీల్డుకు తీసుకెళ్తారు, స్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారు అని సీనియర్లను అడగండి. రెండో ప్రశ్నకు సమాధానం లేకపోతే పీజీలో ఇబ్బంది పడేది మీరే.

నమూనాల దగ్గర జరిగే పొరపాటు ఒకటి ముందే తెలుసుకోవాలి. హార్బర్‌లో దొరికిన జీవిని అలవాటుగా 10 శాతం ఫార్మలిన్‌లో వేస్తారు. ఆకారం బాగా నిలుస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత డీఎన్ఏ చూద్దామంటే అది ముక్కలై ఉంటుంది. డీఎన్ఏ కోసమైతే చిన్న కండ ముక్క కోసి 95 శాతానికి తగ్గని ఇథనాల్‌లో విడిగా పెట్టాలి. గవ్వలు, పీతల్లాంటి సున్నపు పెంకు జీవులను మామూలు ఫార్మలిన్‌లో ఉంచితే దాని ఆమ్లగుణం పెంకును తినేస్తుంది. బొరాక్స్ కలిపి ఆ ఆమ్లాన్ని తగ్గించాలి. ప్రశ్న ఏమిటో తేల్చుకున్నాకే సీసా మూత తీయమని చెప్పేది ఇందుకే.

రాతి తీరం మీద పని చేయాలనుకుంటే రుషికొండ, తెన్నేటి పార్కు దగ్గరి రాళ్లు మంచి చోట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం ఎక్కువగా వెనక్కి తగ్గుతుంది. పోటు సమయాల పట్టిక చూసుకుని నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరాలి. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు చట్రం వేసి అందులో ఉన్నవి లెక్కపెట్టాలి. చట్రాన్ని జీవులు ఎక్కువున్న చోటు చూసి వేస్తే ఆ లెక్క పనికిరాదు. ముందే యాదృచ్ఛికంగా తీసుకున్న దూరాల ప్రకారం వేయాలి, కింద బోడి రాయి ఉన్నా సరే.

ప్రవర్తన మీద ఆసక్తి ఉంటే జూలోనే మొదలుపెట్టవచ్చు. జంతు ప్రవర్తన పరిశోధకురాలు జీన్ ఆల్ట్‌మన్ 1974లో విడమరిచి చెప్పిన పద్ధతులే ఇప్పటికీ ఆధారం. ఒక జంతువును ఎంచుకుని పది నిమిషాలు దాన్నే చూడటం ఒకటి. ప్రతి ఐదు నిమిషాలకు మందనంతా ఒక్కసారి చూసి ఏది ఏం చేస్తోందో రాయడం ఇంకొకటి. కొత్తవాళ్లు ఈ రెండూ చేయరు. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది రాస్తారు. దాంతో రోజులో రెండుసార్లు జరిగిన కొమ్ముల పోట్లాట పేజీ నిండా ఉంటుంది, మిగతా కాలమంతా సాగిన నెమరు ఎక్కడా ఉండదు.

వెటర్నరీ: చేతులు తడవాల్సిన చదువు

బీవీఎస్సీ ఐదున్నరేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీల్లో విశాఖకు దగ్గరిది విజయనగరం జిల్లా గరివిడి. గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరులోనూ ఉన్నాయి. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు కావాలి. రాష్ట్ర సీట్లకు ఏ పరీక్ష, స్థానిక కోటా ఎలా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్ మాట మీద ఆధారపడకండి.

బీచ్ రోడ్డు పెట్ క్లినిక్ చూసి ఈ చదువులోకి రావద్దు. చదువులో, ప్రభుత్వ ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆవు, గేదె, గొర్రె, కోడి. భుజం దాకా గ్లౌజు తొడిగి గర్భ పరీక్ష చేయాలి. అర్ధరాత్రి అడ్డం తిరిగిన దూడను బయటకు లాగాలి. మాయ పడని గేదెకు ఒట్టి చేతులతో సాయం చేస్తే బ్రూసెల్లోసిస్ మీకే అంటుకోవచ్చు. రేబిస్ ముందస్తు టీకా మొదటి ఏడాదే వేయించుకోవాలి. అన్నిటికంటే కష్టమైనది, బాధ తప్పించడానికి ప్రాణం తీయాల్సిన సందర్భం. అదీ వైద్యుడి పనే. అడ్మిషన్ కంటే ముందు మీ దగ్గరి పశువుల ఆసుపత్రిలో అనుమతి అడిగి వారం రోజులు ఉదయం పూట నిలబడి చూడండి. రక్తం చూసి కళ్లు తిరిగితే కంగారు పడనవసరం లేదు, అది అలవాటవుతుంది. రైతు జేబులో ఎంత ఉందో తెలుసుకుని ఆ లోపలే వైద్యం ఆలోచించాల్సి రావడం మీకు చిరాకు తెప్పిస్తే మాత్రం ఆగి ఆలోచించండి.

ఫిషరీస్, మెరైన్ బయాలజీ ఒకటి కావు

చాలామంది ఇక్కడ తడబడతారు. మెరైన్ బయాలజీ సముద్ర జీవి ఎలా బతుకుతుందని అడుగుతుంది. ఫిషరీస్ ఎంత పట్టవచ్చు, ఎలా పెంచాలి, ఎలా నిల్వ చేయాలి అని అడుగుతుంది. మొదటిదానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. రెండోదానికి నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ. నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీ పాతది. పరిశోధనకు విశాఖలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఉన్నాయి. ఇన్ని సంస్థలు ఒకే ఊళ్లో ఉండటం అరుదు. ప్రాజెక్టు సమయంలో దీన్ని వాడుకోకపోతే తప్పు మనదే.

రాష్ట్రంలో ఉద్యోగాల సంగతికొస్తే ఆక్వా రంగమే ముందు. అయితే అక్కడ పుస్తకం ఒక్కటే సరిపోదు. రొయ్యల చెరువులో పగలు ఆల్గే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్య నీరసించి మేత మానేస్తుంది. పదింటికి వచ్చి మీటరు పెట్టే టెక్నీషియన్‌కు అంతా బాగానే కనిపిస్తుంది. నాలుగింటికి లేచి చెరువు గట్టున నిలబడగలరా అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

వైల్డ్‌లైఫ్

కంబాలకొండ నగరాన్ని ఆనుకునే ఉంది. అనంతగిరి, అరకు కొండలు, గబ్బిలాలున్న బొర్రా గుహలు అందుబాటులోనే ఉన్నాయి. కానీ పీజీ స్థాయి వైల్డ్‌లైఫ్ చదువుకు డెహ్రాడూన్, బెంగళూరు వంటి చోట్లకు వెళ్లాలి. సీట్లు బాగా తక్కువ. కాబట్టి జువాలజీ, వెటర్నరీ, ఫారెస్ట్రీలో ఒకటి పట్టుకుని అక్కడికి చేరడమే తెలివైన పద్ధతి. అభయారణ్యంలో పని చేయాలంటే అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. దానికి నెలలు పడుతుంది. ఆరు నెలల ప్రాజెక్టుకు నాలుగో నెలలో దరఖాస్తు పెట్టుకుంటే చివరికి జూ ఫొటోలతో థీసిస్ నింపాల్సి వస్తుంది.

ఆంత్రోపాలజీ: జంతువు గురించి మనుషుల్ని అడగడం

ఈ దారికి రావలసినంత గుర్తింపు రాలేదు. 1848లో వర్ణించిన కలివి కోడి అనే పక్షి 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. అంతకుముందు పరిశోధకులు పక్షి బొమ్మలు పట్టుకుని ఊళ్లలో అడుగుతూ తిరిగారు. దాన్ని పట్టుకుని చూపించింది పిట్టలు పట్టే స్థానికుడు. బైనాక్యులర్స్ ఒక్కటే పట్టుకుని తిరిగితే రాత్రిపూట పొదల్లో తిరిగే ఆ పక్షి దొరకడం కష్టం. స్థానికుల జ్ఞానాన్ని పద్ధతిగా రాబట్టడమే ఒక శాస్త్రం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ శాఖ ఉంది. పీజీ అర్హతలు పీజీసెట్ బుక్‌లెట్‌లో చూసుకోండి. విశాఖలో ఫీల్డు జాలరి, వాడబలిజ మత్స్యకారుల పేటల్లోనే ఉంది. మొదట నేర్చుకోవాల్సిన పద్ధతి పేర్ల జాబితా. 20, 30 మందిని విడివిడిగా "మీ వలలో పడే చేపల పేర్లన్నీ చెప్పండి" అని అడిగి, చెప్పిన వరసలోనే రాసుకోవాలి. ఎక్కువమంది ముందుగా చెప్పే పేర్లు ఆ సమాజానికి ముఖ్యమైనవి. కొత్త పేర్లు రావడం ఆగిపోయాక ఆపవచ్చు. తర్వాత బొమ్మల కార్డులిచ్చి "ఏవి ఒక జట్టో పెట్టండి" అనాలి. పుస్తకం వంశాన్ని బట్టి జట్టు కడుతుంది. వేటగాడు వలను, కాలాన్ని, ధరను, ముల్లును బట్టి కడతాడు. ఆ తేడాలోనే పరిశోధన ఉంది.

ఎక్కడ చెడుతుంది? "ఇది వంజరమే కదా?" అని అడిగితే మర్యాదకు "ఆ, అవునండి" అంటారు. "ఇదేంటి?" అని అడగాలి. గుంపులో అడిగితే బోటు యజమాని ఒక్కడే మాట్లాడతాడు. ఫొటో చూపిస్తే పరిమాణం తెలియదు, రంగు మారిపోయి ఉంటుంది. తాజా చేప చేతిలో పెట్టి అడగాలి. హార్బర్‌లో వేలం సాగుతుండగా వెళ్తే ఎవరూ పలకరు, అయిపోయాక వెళ్లాలి. ఎక్కువమంది చేసే తప్పు మగవాళ్లను మాత్రమే అడగడం. చేపలు అమ్మేది, ఎండబెట్టేది ఆడవాళ్లు. సైజును బట్టి, తాజాదనాన్ని బట్టి ధర కట్టేది వాళ్లే, కాబట్టి ఆ తేడాలు వాళ్ల నోట వినాలి. ఎదుటివాళ్ల అంగీకారం లేకుండా రికార్డు చేయకూడదు. వాళ్లు రహస్యంగా ఉంచుకునే వేట చోట్లు థీసిస్‌లో అచ్చు వేయకూడదు.

చరిత్ర, సాహిత్యం, న్యాయం

చరిత్రకారుడికి జిల్లా గెజిటీర్లు, ఆర్కైవ్స్ ఫైళ్లు, శాసనాలే ఫీల్డు. బ్రిటిష్ కాలంలో పులిని చంపితే బహుమతి ఇచ్చేవారు. ఆ లెక్కలు పులుల సంఖ్య చెప్పవు, ఎన్ని బహుమతులు ఇచ్చారో చెప్తాయి. బహుమతి పెంచితే అడవిలో పులులు పెరగకుండానే అంకె పెరుగుతుంది. ఈ జాగ్రత్త లేని చరిత్ర వ్యాసం జీవశాస్త్రవేత్తలను తప్పుదారి పట్టిస్తుంది. ఒంగోలు పశువులు సముద్రం దాటి వెళ్లి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో నెలోర్ జాతిగా పెరగడం జన్యుశాస్త్రం, వ్యాపార చరిత్ర కలిపి చదవాల్సిన అంశం. కోడిపందేల కుక్కుట శాస్త్రాన్ని కోళ్ల జీవశాస్త్రంగా చదివితే దెబ్బ తింటాం. కోళ్ల రంగులకు మనుషులు పెట్టిన పేర్లు, నమ్మకాల ఆధారంగా చదివితే గనిలాంటిది.

న్యాయం వైపు మొగ్గితే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1960 జంతుహింస నిరోధక చట్టం, జల్లికట్టు మీద 2014, 2023 సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదవగలిగితే ఈ దారి మీకు సరిపోతుంది.

ఫీజు కట్టే ముందు ఒక పరీక్ష

మీ వీధిలోని కుక్కల మీద చిన్న అధ్యయనం చేయండి. తెల్లవారుజామున ఐదున్నరకు నిర్ణయించుకున్న వీధుల్లో తిరిగి కనిపించిన ప్రతి కుక్కనూ రెండు పక్కల నుంచి ఫొటో తీయండి. మర్నాడు అదే వేళకు అదే దారిలో మళ్లీ తీయండి. మొదటి రోజు 40, రెండో రోజు 36 కనబడి, వాటిలో 24 రెండు రోజులూ కనిపించాయనుకుందాం. 40ని 36తో గుణించి 24తో భాగిస్తే 60. మీ వీధుల్లో దాదాపు అన్ని ఉన్నాయని అంచనా. ఒకే రంగు కుక్కల్ని కలిపేసుకుంటే 24 పెరుగుతుంది, అంచనా తగ్గిపోతుంది. అందుకే చెవి గాటు, తోక మచ్చ, మెడ దగ్గరి తెలుపు రాసుకోవాలి. చెవికి గాటు ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన కుక్క అని కూడా తెలుస్తుంది.

తర్వాత సాయంత్రం పది ఇళ్లకు వెళ్లి మాట్లాడండి. ఎవరు అన్నం పెడతారు, ఏ కుక్కకు పేరుంది, ఎవరు రాయి వేస్తారు, ఎందుకు. అన్నం పెట్టే ఆవిడా, భయపడే పక్కింటి పెద్దాయనా చెప్పే మాటలు యథాతథంగా రాసుకోండి.

ఇప్పుడు చూసుకోండి. ఫొటోలు సరిపోల్చి తప్పు దొరికినప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలనిపించిందా? జువాలజీ, వైల్డ్‌లైఫ్ వైపు వెళ్లండి. కుంటుతున్న కుక్క దగ్గరే ఆగిపోయారా? వెటర్నరీ. పది ఇళ్లు అనుకుంటే పాతిక ఇళ్లు తిరిగేశారా? ఆంత్రోపాలజీ. "అన్నం పెట్టే హక్కు ఎవరిది, కరిస్తే బాధ్యత ఎవరిది" అని 2023 జంతు జనన నియంత్రణ నియమాలు వెతికి చదివారా? న్యాయం.

జువాలజీ, ఆంత్రోపాలజీ రెండు దారులూ కలపాలనుకునేవాళ్లు ఒకదాన్ని ప్రధానంగా పట్టుకోవాలి. పీజీ ప్రాజెక్టులో సగం లెక్కలు, సగం ఇంటర్వ్యూలు పెట్టుకుంటే రెండూ అరకొరగా మిగులుతాయి. జువాలజీ ప్రధానమైతే 15 ఇంటర్వ్యూలు అదనం చాలు. ఆంత్రోపాలజీ ప్రధానమైతే జాతుల గుర్తింపు కోసం జువాలజీ శాఖ నుంచి ఒక సహ పర్యవేక్షకుడిని మొదటి నెలలోనే అడగండి. రాతపని మొదలయ్యాక అడిగితే ఫొటోలు చూసి "ఇది ఏదో సొర" అనడం తప్ప ఆయన కూడా ఏమీ చేయలేరు.